ఒక్క తిప్పుకే పలికిన ఇంజను

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం నేను విమానం ఇంజనుకు ఊపిరిగా పనిచేశాను. నేను చెప్పేవాటిలో సగానికి సగం కోసి పారేసి వినమని మా ఇంట్లోవాళ్లే వచ్చినవాళ్లకు ముందుగా చెప్పి కూర్చోబెడతారు. కోయండి, నాకేం బాధ లేదు. ఎండల గురించి చెప్పింది కోయండి, మా జేజి గొంతు గురించి చెప్పింది కోయండి. మంచం కింద నేను కూర్చున్న సంగతి మాత్రం ఉన్నదున్నట్టు వదిలేయండి.

మాది పులివెందుల దగ్గర చీనీ, అంటే బత్తాయి తోటల ఊరు. అమ్మానాయనలు తోట దగ్గరే ఉండి, నన్ను చదువు కోసం ప్రొద్దుటూరులో మా జేజి దగ్గర ఉంచారు. జేజి అంటే మా వైపు నాయనమ్మ. ఆమె వాకిట్లో నిలబడి నన్ను అన్నానికి పిలిస్తే, పెన్న అవతలి గట్టున మేసే గొర్రెలు కూడా తమనే అనుకుని ఇంటిదారి పట్టేవి. ఎండలు కూడా ఆ గొంతుకు తగినట్టే ఉండేవి. మధ్యాహ్నం పూట ఎగిరితే రెక్కలు వేగిపోతాయని కాకులు గోడ నీడన నడుచుకుంటూ పోవడం నేను కళ్లారా చూశాను.

పక్కిల్లు సారుది. సారు మిషన్ బడిలో పిల్లలకు చేతిపనులు నేర్పేవారు. అంతకుముందు చాలా ఏళ్లు వైమానిక దళంలో ఇంజన్లు విప్పి బిగించే పని చేసి వచ్చారు. వాళ్ల తాతల తాతల కాలంలోనే ఏసుప్రభువును నమ్ముకున్న కుటుంబం. మా జేజి వాళ్లతో గోడ మీదుగా లోకంలోని కబుర్లన్నీ చెప్పేది, చెప్పించుకునేది. కానీ వాళ్లింట్లో గ్లాసెడు నీళ్లు ముట్టేది కాదు. ఆ గోడ ఆమెకు చాలా అవసరంగా ఉండేది.

సారుకు ఒక్కతే కూతురు. వాళ్లమ్మ ఎప్పుడో పోయింది. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం అక్క గుండెకు పాకి, లోపల ఒక వాల్వును పాడుచేసి పోయిందట. నాకు తెలిసేనాటికే ఆమె కాలేజీ మానేసి, వరండాలో నులకమంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉండేది. మంచం దిగి మా గోడ దాకా వస్తే, తిరిగి వెళ్లే ముందు గోడ పట్టుకుని కాసేపు నిలబడాలి. ఊపిరి తక్కువ కాబట్టి మాటలు పొదుపుగా వాడేది. పొదుపు చేసిన మాటలు కాబట్టి ఒక్కోటి గురి చూసి తగిలేది.

"ఏందిరా, అంగీ వెనకా ముందూ ఏస్కున్యావు? పోతాండావా, వస్తాండావా?"

ఆ ఒక్క మాటకు నేను వారం రోజులు అద్దం చూసుకుని గాని వీధిలోకి రాలేదు.

సారు దగ్గర ఒక ఇంజను ఉండేది. బెంగుళూరులో పనిచేసినప్పుడు ముచ్చటపడి తెచ్చుకున్నది, బొమ్మ విమానాలకు పెట్టేది. చూడటానికి జామకాయంత, కోపం మాత్రం దున్నపోతంత. తండ్రీకూతుళ్లు కలిసి దానికొక విమానం కడుతున్నారు. పెళ్లిళ్లలో బాసికాలు చేస్తారే, ఆ జీలుగు బెండుతో ఒళ్లు, వెదురు పుల్లల మీద గాలిపటం కాగితం అతికించి రెక్కలు. బెండు చెక్కడం అక్క పని. బ్లేడుతో ఎంత పలచగా చెక్కేదంటే, చెక్కిన ముక్కను అరచేతిలో పెట్టి మాట్లాడితే ఆ మాటకు లేచిపోయేది.

విమానం ఎగిరిందా అని ముందే అడగొద్దు. ఎగరలేదు.

ఆ ఏడు అక్క కాళ్లు వాచడం మొదలైంది. డాక్టరు చూసి, వేలూరు తీసుకుపోయి ఆపరేషన్ చేయించాల్సిందేనని, ఆలస్యం చేసేకొద్దీ ఒంట్లో సత్తువ తగ్గిపోతుందని, వానలు పడేలోపు పోతే మంచిదని చెప్పాడు. సారు ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని ఆ మాటే చెప్పారు. నేను గోడెక్కి కూర్చుని ఉన్నాను. గోడెక్కడం నాకు జేజి నుంచి వచ్చిన విద్య.

"నేను పోను నాయనా," అంది అక్క.

సారు బతిమాలారు. కోప్పడ్డారు. ప్రార్థన చేశారు. మళ్లీ బతిమాలారు. అక్క పైకప్పు వైపు చూసింది. తర్వాత ఎదురుగా స్టూలు మీద బిగించి ఉన్న ఇంజనును చూపించింది.

"దాన్ని నా చేత్తో నేను తిప్పి లేపుతా. లేపిననాడు వేలూరుకు వస్తా. దాన్ని లేపే సత్తువ గూడా ల్యాకుంటే, ఆ ఆపరేషన్ బల్ల మీద పండుకోని మళ్లా లేచే సత్తువ నాకు యాడిది?"

సారు ఆ ఇంజను వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. తన ఇంట్లో తానే పాలుపోసి పెంచిన దాన్ని చూసినట్టు చూశారు. ఎందుకంటే దాన్ని లేపడం ఆయన వల్లే సరిగా అయ్యేది కాదు. దానికి ప్లగ్గు లేదు, బ్యాటరీ లేదు. కిరసనాయిలు, ఆముదం, ఈథరు కలిపిన మందు తాగుతుంది. ముందున్న ఫ్యానును వేలితో విసురుగా తిప్పితే, లోపల ఆ మందు నలిగి, వేడెక్కి, అంటుకోవాలి. అంటుకోకపోతే ఫ్యాను వెనక్కి తన్నేది. పొద్దున పెన్సిళ్లలా ఉన్న సారు వేళ్లు సాయంత్రానికి అరటికాయలయ్యేవి. ఇది తెలిసే అక్క ఆ పందెం వేసింది. పోనని చెప్పడానికి ఆమెకు అంతకంటే మర్యాదైన దారి దొరకలేదు.

మర్నాటి నుంచి సారు లోకంలో మిగతా పనులన్నీ మానేసి, ఆ ఇంజనుకు మందు పోయే దారి మీద పడ్డారు. బెదిరిస్తే లేచే ఇంజను ఆయనకు అక్కర్లేదు. వేలితో తాకితే లేవాలి.

ముందు ట్యాంకు. పౌడరు డబ్బా రేకు కత్తిరించి, సీసంతో అతికి చేసిన చిన్న ట్యాంకు, ఇంజనుకు కిందుగా ఉండేది. కిందున్న మందును ఇంజను పైకి పీల్చుకోవాలి. పీల్చాలంటే ఫ్యాను జోరుగా తిరగాలి. అక్క చేతికి ఆ జోరు లేదు. అందుకని ట్యాంకును పైకి లేపారు. మరీ పైకి లేపేసరికి మందు అడక్కుండానే లోపలికి కారిపోయి, గోలెం నిండా కుడితి తాగిన బర్రెలా ఇంజను కదలకుండా కూర్చుంది. చివరికి ట్యాంకు నడుమూ, ఇంజనుకు మందు కొలిచి వదిలే సూదీ ఒకే ఎత్తున ఉండేట్టు, కాగితం మడతలు పెట్టి పెట్టి, తీసి తీసి సరిచేశారు. పెళ్లిపీటల మీద వధూవరులను కూడా అంత సమానంగా ఎవరూ కూర్చోబెట్టి ఉండరు.

తర్వాత పైపు. నల్లటి రబ్బరు పైపు ఒకటి ట్యాంకు నుంచి ఇంజనుకు పొడుగ్గా వేలాడుతూ ఉండేది. వేలాడే చోట గాలిబుడగ చేరేది. బుడగ చేరితే మందు ఆగినట్టే. నల్ల పైపులో బుడగ ఎక్కడుందో దేవుడికి కూడా కనపడదు. సారు దాన్ని పీకేసి, జమ్మలమడుగులో మందులంగడి ఉన్న తన బంధువు దగ్గర ఈథరుతో పాటు, గ్లూకోజు ఎక్కించే, లోపలిది కనబడే తెల్లటి పైపు తెచ్చారు. అందులోంచి వేలెడు ముక్క కోసి, వంపు లేకుండా బిగించారు. అతుకుల దగ్గర గాలి దూరకుండా సైకిలు వాల్వు రబ్బరు తొడిగారు. మందును పాత పంచె గుడ్డలో వడగట్టి పోసేవారు. ఆ ఈథరు సీసా మూత తీస్తే చాలు, మా వీధిలో దోమలు మత్తెక్కి ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని గోడలకు ఆనుకునేవి.

పైపు బిగించాక అక్కకు పాఠం చెప్పారు.

"ఫ్యానును సూడొద్దు తల్లీ, పైపును సూడు. బుడగ యాడ నిలిచిందో ఆడ తప్పుంది. గాలి పీల్చే రంధ్రానికి వేలడ్డం పెట్టి నిదానంగా తిప్పు, మందు నడిచొస్తాది. పైపు నిండినాక అప్పుడు ఇసురు."

ఆ రోజు నుంచి అక్క ఆ వేలెడు పైపును చూసినంత శ్రద్ధగా, వెండితెర మీది హీరోలను కూడా ప్రొద్దుటూరు జనం చూసి ఉండరు. సారు చేతికి ఇంజను ఒక్క తిప్పుకే పలకడం మొదలుపెట్టింది. నేను తిప్పితే రెండో తిప్పుకు పలికింది. అక్క తిప్పితే మాత్రం ఒక్క దగ్గు దగ్గి ఊరుకునేది. దారంతా సరిగానే ఉంది. ఆమె చెయ్యి తిప్పే ఆ కాస్త విసురుకు, మందు సూది దాకా వచ్చి, గడపలో నిలబడ్డ చుట్టంలా లోపలికి రాకుండా ఆగిపోయేది. అక్క మళ్లీ తిప్పేది. మళ్లీ. పెదాలు నీలంగా మారేవి. సారు ఇంజను మీద గుడ్డ కప్పేసి, "రేపు సూస్తాంలేమ్మా" అనేవారు. ఆ గుడ్డ కప్పేటప్పుడు ఆయన అక్క మొహం వైపు చూసేవారు కాదు.

అలా రేపు రేపు అంటూనే చాలా రోజులు అయిపోయాయి. ఆకాశంలో అక్కడక్కడా మబ్బులు కూడా కనబడ్డాయి.

ఒకరోజు సారు నన్ను బడి వెనక పనిముట్ల షెడ్డుకు తీసుకుపోయారు. ఇంజను అక్కడ బల్లకు బిగించి ఉంది. ట్యాంకు నుంచి మందు బయటికి పోతున్నప్పుడు ఆ ఖాళీలోకి గాలి రావడానికి పైన చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. సారు దానికి పొడుగాటి నల్ల పైపు తొడిగి, ఆ చివర నా చేతికిచ్చారు. అక్క ఫ్యాను విసిరే క్షణంలో నేను ఇటునుంచి మెల్లగా ఊదితే, ట్యాంకులో మందు మీద ఒత్తిడి పడి, గడపలో నిలబడ్డ చుట్టాన్ని వీపు మీద చెయ్యి వేసి లోపలికి నెట్టినట్టు అవుతుంది. సారు అక్క పక్కనే నిలబడి సూది సరిచేయాలి కాబట్టి ఆయన ఊదలేరు. ఇంకెవరికీ చెప్పలేరు. అక్క మంచం కింద దాక్కుని ఊదడానికి, అందులో పట్టే మనిషి కూడా ఇంకెవరూ లేరు.

"సారూ, ఇది మోసం గదా?" అని అడిగాను.

"మోసమేరా," అన్నారు సారు. నా చేతిలోని పైపు చివర తుడుస్తూ, "గట్టిగా ఊదొద్దు. కాగే పాలు సల్లార్సుకుంటాం సూడు, అట్ల ఊదు," అన్నారు.

ఆ విద్య నేర్చుకోవడానికి నేను పడ్డ పాట్లు చెబితే మీ కత్తెరలకు మళ్లీ పని పడుతుంది. మొదటిరోజు గట్టిగా ఊదితే మందంతా చిమ్మి సారు తెల్లచొక్కా ఆముదంలో వేయించిన అప్పడమైంది. రెండోరోజు ఊదబోయి పీల్చాను. కిరసనాయిలు, ఈథరు సంగతి పక్కన పెట్టండి. ఆముదం సంగతి తెలుసుగా. మర్నాడంతా మా ఇంట్లో చెంబు కింద పెట్టే అవకాశం నాకు రాలేదు. మా జేజి నన్ను పట్టుకుని నోరు వాసన చూసింది.

"ఏం తాగొచ్చినావురా? సారాయా?"

"కాదు జేజీ, ఆముదం."

"ఆముదం తాపాలంటే నలుగురు మనుషులు నిన్ను పట్టుకోవాల గదరా. నీ అంతట నువ్వే తాగినావా?" అని, నాకు గాలి సోకిందని తేల్చి, ఎండుమిరపకాయలు దిగదుడిచింది. ఆ పొగకు నాకు పట్టుకున్న దగ్గు మాత్రం దిగదుడుపుకు లొంగలేదు.

అనుకున్న రోజు వచ్చింది. పొద్దునే అక్కకు స్నానం అయ్యేలోపు సారు స్టూలుకు బెజ్జం వేసి, నల్ల పైపును కిందికి దించి, మంచం కిందికి పరిచారు. దుప్పటి అంచు కిందికి వేలాడేసి నన్ను లోపల కూర్చోబెట్టారు. అందుకే, ఆ ఇంట్లో జరిగిన అతి పెద్ద సంగతిలో నేను చూసింది పాదాలను మాత్రమే.

అక్క పాదాలు వచ్చాయి. ఉబ్బి, నునుపుగా మెరుస్తున్నాయి. మంచం నా తల మీదికి కొంచెం దిగింది, కొంచెమే. సారు పాదాలు వచ్చి స్టూలు పక్కన నిలిచాయి. మందు పోసిన చప్పుడు వినబడింది. సారు దగ్గారు. అదే నాకు ఊదమని సైగ. నేను ఊదడం మొదలుపెట్టాను. సగంలో ఆ పాడు మిరపపొగ దగ్గు నాకూ వచ్చింది. నోరు మూసుకుని లోపల్లోపలే దగ్గి, మళ్లీ ఊదాను.

పైన చాలాసేపు ఏమీ జరగలేదు. అక్క తిప్పడం లేదు. "ఏందమ్మా?" అన్నారు సారు. ఆయన కాలి బొటనవేలు నేలను గీరుతోంది.

"ఏం ల్యా నాయనా. పైపు సూస్తాండా," అంది అక్క.

తర్వాత ఆమె పాదాలు నేలను గట్టిగా అదిమాయి. ఫ్యాను ఒక్కసారి కదిలిన చప్పుడు. అంతే.

ఇంజను పలికింది. పలకడమంటే మామూలుగానా! కందిరీగలన్నీ కలిసి నా చెవిలో పెళ్లి చేసుకున్నట్టు. వీధిలో కుక్కలు మైదుకూరు రోడ్డు పట్టి పరిగెత్తాయి. మా జేజి చేతిలో సంగటి కుండ జారి పగిలింది. పొగ దుప్పటి కిందికి వచ్చి నన్ను కౌగిలించుకుంది. ఆ గోలలో సారు మడమలు రెండూ నేల వదిలి పైకి లేవడం చూశాను. అట్లా వేళ్ల మీద నిలబడే ఉన్నారు, ఇంజను మందు అయిపోయి ఆగేదాకా. ఆగాక ఆ మడమలు మెల్లగా కిందికి దిగాయి. పైనుంచి అక్క నవ్వు వినబడింది. నవ్వడానికి సరిపడా ఊపిరి లేక, మధ్యలో ఆగి, మళ్లీ అందుకుని నవ్వింది.

"పోదాం నాయనా," అంది.

మర్నాడు మధ్యాహ్నం ఎర్రగుంట్ల స్టేషనుకు పోవడానికి కారు మాట్లాడారు. సారు సామాన్లు సర్దుతుంటే అక్క నన్ను మంచం దగ్గరికి పిలిచింది. చెవి పట్టుకుని దగ్గరికి లాగింది. ఆ పట్టులో బలం లేదు, అయినా నేను వెళ్లాను.

"నేను ఫ్యాను మీద చెయ్యి బెట్టకముందే పైపులో బుడగ ముందుకు నడిచింది. నడిచి, దగ్గి, మళ్లా నడిచింది. ఇంజను దగ్గదురా. నువ్వు దగ్గుతావు."

నేను తల వెనక్కి లాక్కోబోయాను. ఆమె నా చెవి వదల్లేదు.

"నాయనకు చెప్పొద్దు."

"తెలిసిపోయింది గదక్కా? మరి ఎందుకు పోతాండావు?"

అక్క లోపలి గది వైపు చూసింది. సారు ఆమె చీరను మడత పెట్టడం రాక, మూడో మడతకే ఉండలా చుట్టి పెట్టెలో కుక్కుతున్నారు.

"నాకు శానా బయం రా," అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "నన్ను రప్పించేదానికి మంచం కిందంతా పైపు పరిచినోడు, ఆడ నా చెయ్యి ఇడుస్తాడా?"

కారు వీధి మలుపు తిరిగేదాకా చూశాను. అక్క వెనక్కి తిరిగి నా అంగీ వైపు చూపిస్తూ ఏదో అంది. వినబడలేదు. నేను గబగబా చూసుకున్నాను. సరిగానే వేసుకున్నాను.

ఆమె వేలూరు నుంచి తిరిగి రాలేదు. తెచ్చారు.

తెచ్చిన రోజు మా జేజి గోడ దగ్గరికి వెళ్లి నిలబడింది. కాసేపు నిలబడి, చుట్టూ తిరిగి వీధి వాకిలి గుండా సారు ఇంట్లోకి పోయింది. ఆ ఇంటి పొయ్యి వెలిగించి, వచ్చిన చుట్టాలకు కాఫీ కాచింది. వాళ్ల కుండలో నీళ్లు ముంచుకుని తాగింది. చర్చివాళ్లు పాట పాడుతుంటే, అర్థం తెలియకపోయినా తలుపుకు ఆనుకుని చివరిదాకా విన్నది. ఆ రోజు ఆమె గొంతు ఎవరికీ వినబడలేదు.

నాకు అన్నం పోయేది కాదు. ఊదింది నేను. ఆ మాట ఎవరికి చెప్పాలి? నేను ఊదకపోతే ఇంజను పలికేది కాదు, పలకకపోతే అక్క పోయేది కాదు. పోకపోతే మంచం మీద కూర్చుని నా అంగీని ఎగతాళి చేస్తూ ఉండేది. ఈ లెక్క ఎటునుంచి చేసినా నా నోటి దగ్గరికే వచ్చి ఆగేది. జేజి మళ్లీ మిరపకాయలు దిగదుడిచింది. ఈసారి దగ్గు కూడా రాలేదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, జేజి రొట్టెలు చేసి సారుకు ఇచ్చి రమ్మంది. వెళ్లేసరికి ఆయన వరండాలో కింద కూర్చుని, స్టూలు బెజ్జంలోంచి ఆ నల్ల పైపును బయటికి లాగుతున్నారు. నన్ను చూసి కూడా లాగడం ఆపలేదు. ఎంత లాగినా అది వస్తూనే ఉంది.

"నా బిడ్డ పోనన్యాది," అన్నారు, నాతో అన్నట్టు కాదు. "మోసం జేసి తీస్కపోయినా. నమ్మి వచ్చింది."

చెప్పొద్దని అక్క అంది. అక్క మాట జవదాటడం నాకు అలవాటు లేదు. కానీ ఆయన చేతిలో ఆ పైపు ముడిపడి, ఆయన ఆ ముడి విప్పలేకపోతున్నారు. ఇంజన్లు విప్పిన చేతులు. అది చూసి నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అక్కకు తెలుసు సారూ."

ఆయన తలెత్తలేదు. విన్నారో లేదో అనుకుని మళ్లీ చెప్పాను. అక్కకు ముందే తెలుసని, తెలిసే తిప్పిందని, తెలిసే కారెక్కిందని చెప్పాను. అప్పుడు సారు నా వైపు చూసి అడిగిన మొదటి మాట, ఇంత దుఃఖంలో ఇంకెవరూ అడగని మాట.

"ఎట్ల కనిపెట్టిందంట?"

బుడగ ముందుకు నడిచిన సంగతి చెప్పాను. దగ్గిన సంగతి కూడా చెప్పాను. సారు నవ్వారు. నిజంగానే నవ్వారు. "నేనే నేర్పిస్తి గదప్పా, పైపునే సూడమని! ఎంత బాగా నేర్సుకున్యాది సూడు!" అంటూ తొడ మీద చరుచుకున్నారు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నాకు తెలియలేదు. రెండింటికీ మధ్య అతుకు కనబడలేదు.

చాలాసేపటికి, "తెలిసీ ఎందుకొచ్చిందిరా?" అని అడిగారు.

అక్క అన్నదాన్ని అక్షరం పెంచకుండా, అక్షరం తగ్గించకుండా చెప్పాను. భయమని చెప్పింది చెప్పాను. మంచం కిందంతా పైపు పరిచినోడు ఆడ చెయ్యి ఇడుస్తాడా అన్నది చెప్పాను. ఏ మాటనూ పెంచకుండా చెప్పడం నా జన్మలో అదొక్కసారే.

సారు తన కుడిచేతిని ఒడిలో పెట్టుకుని చూసుకున్నారు.

"ఆపరేషన్ రూము తలుపుకాడ ఇడిచినా నాయనా," అన్నారు. "ఆడ ఇడవాలన్యారు."

రొట్టెలు పక్కన పెట్టి ఆయన దగ్గర కూర్చున్నాను. ఆ పైపు ముడి నేను విప్పడం మొదలుపెట్టాను. మా జేజి నన్ను పిలవడానికి గోడ మీదుగా తల ఎత్తింది. మమ్మల్ని చూసి, తెరిచిన నోరు మెల్లగా మూసుకుని దిగిపోయింది.

తర్వాత సారు చాలా ఏళ్లు ఉన్నారు. బడిలో పిల్లలకు అంతే ఓపికగా పనులు నేర్పారు. మేం ఇద్దరం ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తుకోలేదు. కానీ నేను ఎప్పుడు వెళ్లినా ఆయన లేచి నిలబడి నాకు కుర్చీ వేసేవారు. చిన్నపిల్లవాణ్ణి, నాకు కుర్చీ ఏమిటని జేజి నవ్వేది. నాకూ అప్పట్లో అర్థం కాలేదు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఇంట్లో ఎవరిని ఆసుపత్రికి తీసుకుపోయినా స్ట్రెచరు పక్కన చెయ్యి పట్టుకుని నడుస్తాను. మొన్న మా ఆవిడ పిత్తాశయంలోంచి రాళ్లు తీశారు. ఎన్ని రాళ్లంటే, చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీకి కబురు పెట్టమని నేనే డాక్టరుకు సలహా ఇచ్చాను. ఆమె నవ్వలేదు. స్ట్రెచరు మీద పడుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. తలుపు దగ్గర నర్సమ్మ ఆపింది. "ఇక్కడి నుంచి మీరు రాకూడదు సార్, అదిగో అక్కడ కుర్చీలున్నాయి, ఫ్యాను కూడా ఉంది, కూర్చోండి" అంది. చెయ్యి వదిలాను. వదలమన్నప్పుడు వదలక తప్పదు.

కుర్చీల దగ్గరికి పోలేదు. వచ్చేపోయేవాళ్లు తోసుకుంటున్నా, ఆయాలు విసుక్కుంటున్నా, మా అబ్బాయి వచ్చి "నాయనా, పరువు తీస్తాండావు, వచ్చి కూచో" అని చొక్కా పట్టి లాగుతున్నా కదల్లేదు. ఎంతసేపైందో తెలియదు. తలుపు తెరిచి స్ట్రెచరును బయటికి తోసుకొచ్చారు. ఆమె కళ్లింకా తెరవలేదు. మత్తులోనే చెయ్యి కాస్త పక్కకు చాపింది.

వదిలిన చోటే ఉన్నాను.